పడమటి గోడ, మిరుగం వాన

మిరుగం వాన మొదలైంది, మృగశిర కార్తె తొలి వాన. ముందు గూనపెంకుల మీద ఒక్కో చినుకు, పైన ఎవరో కూర్చుని చింతగింజలు జారవిడుస్తున్నట్టు, తర్వాత గుప్పిళ్లతో, తర్వాత ఇక విడివిడిగా వినబడకుండా ఒకటే హోరు. నేను గది మధ్యలో పీట మీద కూర్చున్నాను, మోకాళ్లు ముడుచుకుని, పడమటి గోడకు ఎదురుగా. మిగతా మూడు గోడలు అందరం కలిసి పెట్టినవి. ఇది మాత్రం నాది, రాతి పునాది మీద నుంచి చూరు దాకా ప్రతి మట్టి ముద్దా నేనే తొక్కి, నేనే మోసి, నేనే పేర్చింది. మట్టి ఇళ్లు కట్టుకుని అందరం కలిసి ఉండే మా తోటలో ఒక కట్టుబాటు ఉంది. గోడ ఎవరు కడితే వాళ్లే దాని మొదటి వానకు లోపల కూర్చోవాలి, ఒక్కరే, వాన ఆగేదాకా. ఎక్కడ చెమ్మ ఎక్కుతుందో, ఎక్కడ పెచ్చు లేస్తుందో కట్టినవాళ్ల కళ్లే చూడాలి. ఇదివరకు అలా కూర్చున్నవాళ్లంతా కాసేపు కునికి, నవ్వుకుంటూ బయటికి వచ్చినవాళ్లే. నాకు మాత్రం కునుకు రాదు, ఎందుకంటే ఎదురుగా వంట కొట్టంలో మా బాపు కూర్చుని ఇటే చూస్తున్నాడు. ఈ గోడ నిలబడితే అవ్వా నేనూ, తల్లీబిడ్డలం, ఇక్కడే ఉంటాం. పడితే మళ్లీ మా ఊరు చొప్పదండికే. నిలబడాలి. నిలబడుతుంది. నేను పెట్టాను కదా.

నేను పెట్టాను అని మనసులో అనుకోవడం తేలిక. మొన్న అన్నాలు తినేటప్పుడు బాపు ముందు ఆ మాట రాలేదు. దుబాయి నుంచి వచ్చి వారం కూడా కాలేదు, సంచుల్లోంచి ఖర్జూరాలూ సెంటు సీసాలూ తీసినంత సేపూ బాగానే ఉన్నాడు, తర్వాత చుట్టూ చూసి పళ్లెం పక్కకు జరిపాడు. "ఏందే గిది? నేను ఆడ ఆకాశమంత బిల్డింగులకు ఇనుప సీకులు కట్టి కట్టి చేతులు అరగదీసుకుంటె, నా పెండ్లాం, నా బిడ్డ మట్టిల పొర్లుతున్నరు. దోస్తులకు తెలిస్తె నవ్వుతరు." అవ్వ తల ఎత్తలేదు. "నవ్వనియ్యి. పప్పు ఇంక జర ఎయ్యాల్నా?" అంది. అవ్వ కోపం ఎప్పుడూ గరిటెలోనే ఉంటుంది, జవాబు రాకముందే ఇంత పప్పు ఆయన అన్నం మీద కుమ్మరించింది. బాపు ఆ పప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే, పంచాది వద్దు. మిరుగం వాన ఎట్లైనా వస్తది. గా పడమటి గోడ నిలవడ్డదనుకో, నేను నోరు మూసుకుంట, మీ ఇష్టం. కూలిందనుకో, ఎవలు ఏడ్చినా ఇన, సామాను సదురుడే. ఏమంటవ్ బిడ్డా?" నేను ఊ అన్నాను. నా ఊ నాకే వినబడలేదు. "ఏందీ?" అన్నాడు బాపు. "ఊ అన్నది, ఇనవడలేదా?" అంది అవ్వ.

నా గొంతు సంగతి అంతే. ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు నేను ముందు వరుసలో కూర్చున్నా రానట్టే పడేది, సారు తల ఎత్తి చూసి, "నవతా, ఉన్నవా? ఉన్నోళ్లు ఉన్ననని చెప్పాలె" అని కొట్టేసి మళ్లీ రాసుకునేవాడు. ఇక్కడ పొద్దున్నే అందరం గుండ్రంగా కూర్చుంటాం. పిడికెడు మట్టి ముద్ద ఒకటి చేతులు మారుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. ఈ తోటకు వచ్చిన నాటి నుంచీ ఆ ముద్ద నా దాకా రావడం, నేను దాన్ని ఒకసారి ఒత్తి చూసి పక్కవాళ్లకు ఇచ్చేయడం. ఒత్తి చూడటం మాత్రం మానను. అందులో ఇసుక ఎంత ఉందో, బంక ఎంత ఉందో నా బొటనవేలికి తెలుస్తుంది. మాటలన్నీ డైరీలో పెట్టుకుంటాను, అందులో అయితే నేను గట్టిగానే మాట్లాడతాను, ఒక్కోసారి అరుస్తాను కూడా. ఈ తోటను మొదలుపెట్టిన మమతక్క నన్ను ఎప్పుడూ బలవంతం చేయలేదు. కానీ పడమటి గోడ ఎవరు తీసుకుంటారు, గాలీ వానా అన్నీ అటు నుంచే వస్తాయి, కష్టం, అని ఆమె అడిగినప్పుడు నా చెయ్యి లేచింది. నోరు లేవలేదు గానీ చెయ్యి లేచింది. అందరూ చూశారు. దించుదామనుకున్నాను, అది దిగలేదు.

గాలి తిరిగింది. ఇప్పుడు పడమటి నుంచే కొడుతోంది, గుమ్మం అవతల జామచెట్టు అంతా ఒకే వైపు వంగింది. జల్లు గోడను బాదుతూ ఉండాలి, కానీ ఆ చప్పుడు నాకు రావడం లేదు, మూరెడు మందం పైనే ఉన్న గోడ ఇది, వాన నాకు పైనుంచీ గుమ్మంలోంచీ మాత్రమే వినబడుతోంది. గోడ నోరు మూసుకుని కొట్టించుకుంటోంది. దాని మీద నా వేళ్ల గుర్తులు ఉన్నాయి, అలుకు కింద కూడా మసకమసకగా, చూరు దగ్గర నిచ్చెన మీద నిలబడి పెట్టినవి కొంచెం వంకర. వరిగడ్డి పోచలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. ఆ గడ్డిని పిడికెడు పిడికెడు బండకేసి కొట్టి, ఒక్క గింజ లేకుండా దులిపాను, చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు, ఎందుకంటే పోయిన ఏడు జరిగింది ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. సుల్తానాబాద్ దిక్కు నుంచి ట్రాక్టరు నిండా గడ్డి వచ్చింది. మిషన్ కోసిన గడ్డి, గింజలు చాలా అందులోనే ఉన్నాయి, మాకెవరికీ తట్టలేదు, అలాగే మట్టిలో తొక్కి సామాను గది గోడ పెట్టేశాం. తడి ఆరకముందే ముసురు పట్టింది. ఒక పొద్దున లేచి చూస్తే గోడంతా పచ్చగా వరినారు. తోట చూడటానికి వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు, బతికున్న గోడ అన్నారు, మేమూ మురిసిపోయాం. మాతో పాటు మట్టి తొక్కడానికి పక్క ఊరి నుంచి వచ్చే శంకరవ్వ ఒక్కతే నడుం మీద చేతులు పెట్టుకుని, "ఓ మమతా, గోడ నాటుకొచ్చింది. కలుపు ఎవలు దీస్తరే, నిచ్చెనేసుకొని?" అంది. నవ్వి నవ్వి కూలబడ్డాం. ఎండాకాలానికి ఆ వేర్లు ఎండి, గోడ పొరలు పొరలుగా రాలింది. అందుకే నా గోడకు గింజ లేని గడ్డి. నేను ఏదీ మరిచిపోలేదు. మరిచిపోయానా? రాళ్లు సరిచూశాను, చూరు బారెడు బయటికి దింపాం, అలుకు మూడు పూతలు. లేదు, మరిచిపోలేదు.

తెలియకుండానే మడమలతో నేలను నొక్కుతున్నాను, ఇక్కడి నుంచి గోడకు బలం పంపగలిగినట్టు. మట్టి తొక్కేటప్పుడు శంకరవ్వ నా వెనకే ఉండేది. "ఏం పిల్లా, మట్టిని తొక్కుతున్నవా, మట్టికి దండం పెడుతున్నవా? మడిమ దించు, మడిమ!" కాలి కింద మట్టి మొదట గులకరాళ్లతో గుచ్చుతుంది, తర్వాత జారుతుంది, తర్వాత ఒక సమయం వస్తుంది, పాదాన్ని పట్టుకుని వదలదు. అప్పుడు అయిందన్నమాట. పట్టుకున్నదాన్ని వదిలించుకుని ఎట్లా పోతాం? చొప్పదండిలో మాకు ఇల్లు ఉంది, లేదు కూడా. బాపు మొదటిసారి దుబాయి నుంచి వచ్చినప్పుడు పిల్లర్లు లేపాడు, స్లాబు వచ్చేసారి అన్నాడు, ఆ వచ్చేసారి రాలేదు. పిల్లర్ల నెత్తిన ఇనుప సీకులు ఆకాశంలోకి నిక్కి తుప్పు పట్టాయి, అవ్వ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసేది, నా బడి బట్టల నిండా తుప్పు మరకలు. పక్కనే రేకుల గదిలో ఉండేవాళ్లం. ఎండాకాలం అవ్వ తడి చీర కప్పుకుని పడుకునేది, అయినా నిద్ర పట్టేది కాదు. ఇక్కడ ఏదో శిబిరానికి వంట చేసే మనిషి కావాలంటే వచ్చింది, పోయిన ఏడు ఎండాకాలం సెలవులని నన్నూ వెంట తెచ్చింది. లక్సెట్టిపేటలో ఆటో అతను "మట్టోళ్ల తోటకా?" అని అడిగాడు, ఈ చుట్టుపక్కల అందరూ పిలిచే పేరు అదే. ఆ రోజు నడి ఎండలో పని ముగించుకుని అవ్వ ఒక మట్టి గదిలో కొంగు పరుచుకుని పడుకుంది. పొద్దు గూకేదాకా లేవలేదు. నాకు భయమేసి ముట్టుకుని చూశాను. "వీపు సల్లవడ్డదే," అంది కళ్లు తెరవకుండా. శిబిరం అయిపోయింది, అవ్వ మూట కట్టలేదు.

ఆ చల్లదనం ఫోన్లో ఎలా చెప్పాలో అవ్వకు తెలియలేదు, వంట పని దొరికింది అని మాత్రం చెప్పింది. అందుకని బాపు విన్నది ఒకటి, దిగినాక చూసింది ఇంకొకటి. పాపం అని కూడా అనిపిస్తుంది నాకు. బస్సు దిగి సూటుకేసు దొర్లించుకుంటూ వచ్చాడు, దాని చక్రాలు మా బాటలోని ఎర్రమట్టిలో కూరుకుపోతే నెత్తిన పెట్టుకుని నడిచాడు, వచ్చి నేరుగా నా గోడ ముందు ఆగి, వేలి కణుపులతో టక్ టక్ మని తట్టాడు. తట్టి చెవి పెట్టాడు. "సప్పుడే లేదు గద," అన్నాడు. సిమెంటు ఇటుకైతే గణగణమంటుందట, లోపల ఏముందో చెబుతుందట. ఇది ఏమీ చెప్పదు. నాలాగే, అనుకున్నాను, పైకి అనలేదు. పది పాసైనావు గదా, కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుకో, అన్నాడు. చదువుకుంటాను, లక్సెట్టిపేట కాలేజీకి ఇక్కడి నుంచి బస్సు ఉంది, పొద్దున పోయి సాయంత్రం వచ్చి నా గోడ పని చూసుకుంటాను, బావి దగ్గర ఇంకో గది వేయాలి, దానికి గుండ్రటి కిటికీ పెట్టాలి, పాత బండి చక్రం ఒకటి దాచిపెట్టాను. ఇదంతా ఆయనకు చెప్పాలి. చెప్పడానికి ఎన్నిసార్లు దగ్గరికి పోయానో, ఆయన తల ఎత్తగానే మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చాను. బాపు ఈ మధ్య నీళ్లు చాలా తాగుతున్నాడు.

కాలి బొటనవేలికి చల్లగా ఏదో తగిలింది. నేల మీద నీటి దారం, సన్నగా, ఎర్రగా, నా పీట దాకా పాకి వచ్చింది. పైకి చూశాను, పెంకులు కారడం లేదు. దారం వెంట కళ్లతో వెనక్కి పోయాను. గోడ అడుగున, రాతి పునాదిలో, రెండు రాళ్ల సందులోంచి వస్తోంది. రాళ్ల పైన, నా మొదటి వరుస ముద్దలు మొదలయ్యే చోట అలుకు రంగు మారుతోంది, అరచేయంత, చూస్తుండగానే విస్తరాకంత. పైనుంచి కొట్టే వానను ఈ గోడ తట్టుకుంటుంది. అడుగు నానితే మాత్రం ఏ మట్టి గోడా నిలవదు, కింది వరుస మెత్తబడి పైబరువుకు కూర్చుండిపోతుంది. కానీ అడుగుకు నీళ్లు ఎందుకు వస్తాయి? గోడకు ఎగువన కందకం ఉంది. మిట్ట మీద నుంచి దిగే నీళ్లన్నీ అందులో పడి, పక్కకు తిరిగి, అరటి గుంతలోకి పోవాలి. పోవడం లేదు. ఎందుకు పోవడం లేదు? ఇంకో సందు కూడా ఊరింది. అందులోంచి చిన్నదేదో, ఎండింది, గిర్రున తిరుగుతూ తేలుతూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. వేపాకు.

ఆకులు. మేమే. మొన్న ఆదివారం అందరం పాటలు పాడుకుంటూ గంపలతో పోశాం. నేలను ఎండకు బోసిగా వదలొద్దు, ఆకుల దుప్పటి కప్పాలి. మా తోటలో అది అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది, ఎవరూ ఆలోచించరు, కప్పేస్తారు. చెట్ల పాదులు కప్పాం, కూరగాయల మళ్లు కప్పాం, ఇంకా ఆకులు మిగిలాయని కందకం గట్టు కప్పాం, తేమ నిలుస్తుందని కందకంలో కూడా నింపాం, నింపి, వెనక్కి జరిగి, ఎంత బాగుందో అని చూసుకున్నాం. బోసిగా ఏది కనబడినా మా చేతులు ఊరుకోవు. ఆ ఆకులన్నీ ఇప్పుడు తేలి కొట్టుకుపోయి కందకం మూతి దగ్గర గుడ్డ కుక్కినట్టు కుక్కుకుని ఉంటాయి. దుబాయిలో ఎవరూ కాలువకు దుప్పటి కప్పరు. వాన ఆగేదాకా లేవకూడదు. నేను కట్టుబాటు తప్పే పిల్లను కాను, ఎప్పుడూ కాలేదు. కానీ కూర్చోమన్నది చూడటానికి. చూశాను. చూసి కూడా కూర్చుంటే ఇక చూడటం దేనికి?

లేచాను. గుమ్మంలో నిలబడి "బాపూ" అన్నాను. వంట కొట్టానికి రేకుల కప్పు, వాన దాని మీద దంచుతోంది, నా మాట మా జామచెట్టు దాకా కూడా పోయి ఉండదు. చెయ్యి ఊపాను. అవ్వ కూడా చెయ్యి ఊపింది. ఆమె పక్కనే ఉన్న శంకరవ్వ కూర్చో కూర్చో అన్నట్టు సైగ చేసింది. బాపు కూడా, కొంచెం సిగ్గుపడుతూ, చెయ్యి ఊపాడు. నా వెనక గది లోపల నీళ్లు పాకుతున్నాయి. మడమ దించాను. రెండు మడమలూ. కింది నుంచి, కాళ్లలోంచి, కడుపులోంచి, డైరీలో పెట్టిన అరుపులన్నీ ఎక్కడున్నాయో అక్కడి నుంచి వచ్చింది.

"బాపూ! పార వట్టుకొని ఉరుకూ! కందకం మూసుకపోయిందీ!"

వాళ్లు లేచారో లేదో చూడలేదు. గోడ చుట్టూ పరుగెత్తి కందకంలోకి దిగాను, మోకాళ్ల దాకా చల్లటి ఎర్రనీళ్లు, పైన ఆకుల తెట్టె, గట్టు పొంగి నీళ్లు నా గోడ కాళ్ల మీదికి పారుతున్నాయి. మూతి దగ్గర చేతులు పెట్టి లాగాను, ఆకులు, పుల్లలు, మళ్లీ ఆకులు. ఎంత తీస్తే అంత వచ్చి పడుతున్నాయి. వెనక దబదబ అడుగులు. బాపు, చేతిలో పార, నెత్తిన దుబాయి నుంచి తెచ్చుకున్న పసుపుపచ్చ హెల్మెట్. వస్తూనే గట్టు మీద పార ఎత్తాడు.

"అటు గాదు బాపు! గట్టు తెగితె మొత్తం గోడ మీదికే వస్తది! మూతికాడ, మూతికాడ తియ్యి!"

ఎత్తిన పారను ఆపి ఇటు తిప్పాడు. నేను చెప్పింది విని మా బాపు పని చేయడం నేను అప్పుడే చూశాను, ఆశ్చర్యపోవడానికి తీరిక లేదు. ఆయన పారతో, నేను చేతులతో. "ఏమేసిండ్రే దీంట్ల?" "ఆకులు." "ఎందుకు?" "కప్పినం." "కందకాన్నా?" ఆయన పార ఆపి నా ముఖంలోకి చూశాడు, హెల్మెట్ అంచు నుంచి ధారలు కారుతున్నాయి. "దానికి సలి పెడుతుందనా?" నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంకో నాలుగు పారలు, ఉన్నట్టుండి మూతి గుడగుడమంది, నీళ్లు మొత్తం ఒక్కసారి పక్కకు తిరిగి అరటి గుంతలోకి దూకాయి. గట్టు మీది పారుడు ఆగింది. ఇద్దరం గోడ వైపు తిరిగాం.

కింద అలుకు ఊడింది. మొదటి వరుసలో ఒక చోట ఎలుక కొరికినట్టు మట్టి జారిపోయి గుంట పడింది, గడ్డి పోచలు బయటికి వేలాడుతున్నాయి. పైన అంతా అలాగే ఉంది. బాపు వంగి, ఆ గుంటలో బొటనవేలితో ఒత్తాడు. వేలు గోరు దాకా దిగింది, అక్కడ ఆగింది. ఇంకా గట్టిగా ఒత్తాడు. దిగలేదు. "లోపట గట్టిగనే ఉన్నది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

అవ్వా, గోనెసంచి కప్పుకుని శంకరవ్వా వచ్చారు. "ఓయమ్మో, గా అరుపు గీ పోరిదేనా?" అంది శంకరవ్వ. "గోదారి అవతలోళ్లు గూడ పారలు వట్టుకొని ఉరికొస్తుండొచ్చు."

బాపు నవ్వలేదు. "గోడ నిలవడ్డదనాల్నా, నిలవెట్టినమనాల్నా?" అన్నాడు. "నేను పార వట్టకపోతె పోతుండె గద."

"పోతుండె," అన్నాను.

"మరి పందెం సంగతేంది?"

అరవాల్సిన పని లేదు, ఆయన పక్కనే ఉన్నాడు. నేను ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అన్నాను. "అందుకే నువ్వు గూడ ఈడనే ఉండాలె బాపు."

ఈసారి ఆయన "ఏందీ?" అనలేదు. పారకు అంటుకున్న ఆకులు చేత్తో దులిపాడు. "ఆడ పిల్లర్లు లేపి పెట్టిన గదనే..." అన్నాడు అవ్వ వైపు తిరిగి, ఆ మాట మాత్రం చిన్నగా. అవ్వ తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "బీరతీగ పాకియ్యొచ్చు, ఉండనియ్యి," అంది. "నోరు మూసుకుంటనన్నవు గద ముత్యం, మూస్కో మరి," అంది శంకరవ్వ, బాపును పేరుపెట్టి పిలిచి. అప్పుడు నవ్వాడు.

వాన ఆగలేదు. నేను గుమ్మం వైపు నడిచాను. బాపు నా వెనకే వచ్చి గడప దగ్గర ఆగాడు, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని. "నేను రావచ్చునా లోపటికి?"

"కట్టినోళ్లే కూసోవాలె."

"మరి నేను?"

"ఎండ గొట్టినంక కింది వరుస మల్ల పెట్టాలె. మట్టి తొక్కుదువు, ముద్దలు పెడుదువు. అప్పుడు వచ్చే వానకు కూసో."

ఆయన తల ఊపి, పడమటి వైపు పోయి, చూరు కింద రాయి మీద కూర్చున్నాడు. నేను లోపల పీట మీద. మధ్యలో గోడ. అటు నుంచి మళ్లీ వేలి కణుపులతో తడుతున్నాడేమో, నాకు తెలియదు, ఈ గోడలోంచి ఏ చప్పుడూ రాదు. నేల మీది ఎర్ర దారం పాకడం మానేసింది. తడి మరక విస్తరాకంత దగ్గరే ఆగి ఉంది, ఇంకా పెరుగుతుందో లేదో చూడాలి. మడమలు నేలకు ఆనించి కూర్చున్నాను.